హారం సున్నా అయిన చోట ఏం జరుగుతుంది? అవధులు, నిలువు అనంతస్పర్శ రేఖలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్లో అవధుల (లిమిట్ల) పాఠం ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు, డిగ్రీలో అదే పాఠం మళ్లీ ఎదురై తల పట్టుకున్నవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ మెషీన్ లెర్నింగ్ కోసం పాత లెక్కల పుస్తకం దుమ్ము దులుపుతున్నవాళ్లు. ముగ్గురూ అడిగే ప్రశ్నలు చిత్రంగా ఒకటే. వాటికి నాకు తోచిన వరసలో జవాబులు రాశాను. కాలిక్యులేటర్, ఒక చిత్తుకాగితం పక్కన పెట్టుకుని చదవండి. ఊరికే చదివితే ఈ పాఠం తలకెక్కదు.

అవధి అంటే ఆ బిందువు దగ్గర ప్రమేయం (ఫంక్షన్) విలువే కదా, మళ్లీ వేరే పేరెందుకు?

కాదు. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఎవరి గురించో కనుక్కోవడానికి ఒక ఇంటికి వెళ్లారనుకోండి. తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను అడుగుతారు. ఇరుగుపొరుగు అందరూ ఒకే మాట చెబితే ఆ మాటే అవధి. ఇంట్లో నిజంగా ఎవరున్నారన్నది విలువ. అవధి కట్టేటప్పుడు ఆ ఇంటి తలుపు తట్టే పని లేదు.

(ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) తీసుకోండి. ఎక్స్ = 2 పెడితే 0/0, అంటే తాళం. ఇప్పుడు ఇరుగుపొరుగును అడగండి. 1.9 దగ్గర 3.9, 1.99 దగ్గర 3.99, అవతలి వైపు 2.01 దగ్గర 4.01, 2.001 దగ్గర 4.001. రెండు వైపులా 4 దగ్గరికే చేరుతున్నాయి కాబట్టి అవధి 4. ఎవరైనా వచ్చి "ఎక్స్ = 2 దగ్గర విలువ 100 అని నేను నిర్వచిస్తున్నా" అన్నా అవధి 4 గానే ఉంటుంది. విలువ, అవధి రెండూ ఉండి, సమానమైతే దాన్నే ఆ బిందువు దగ్గర అవిచ్ఛిన్నత అంటాం.

మరి నిలువు అనంతస్పర్శ రేఖ అంటే?

ఇరుగుపొరుగును అడిగితే ఒక సంఖ్య దగ్గర స్థిరపడకుండా, దగ్గరికి వెళ్లేకొద్దీ హద్దు లేకుండా పెరుగుతూనే, లేదా తగ్గుతూనే పోతే, అక్కడ గీసే నిలువు గీత అది. క్లాసుల్లో దీన్ని ఆసింప్టోట్ అనే అంటారు, నేనూ రెండు మాటలూ వాడతాను.

1/(ఎక్స్ − 2) కి 2.1 దగ్గర 10, 2.01 దగ్గర 100, 2.001 దగ్గర 1000. ఎడమ వైపున 1.9 దగ్గర −10, 1.99 దగ్గర −100. కుడి నుంచి వస్తే ఆకాశానికి, ఎడమ నుంచి వస్తే పాతాళానికి. కాబట్టి ఎక్స్ = 2 అనేది దాని నిలువు అనంతస్పర్శ రేఖ.

నిర్వచనంలో ఒక మాట గట్టిగా పట్టుకోండి: కనీసం ఒక వైపు నుంచైనా అవధి +∞ గానీ −∞ గానీ కావాలి. రెండు వైపులా కానక్కర్లేదు. ఆసింప్టోట్ అనేది సంఖ్య కాదు, గీత. అందుకే జవాబు "2" అని రాయకండి, "ఎక్స్ = 2" అని రాయండి.

హారాన్ని సున్నాకి సమానం చేస్తే ఆసింప్టోట్లు దొరికిపోతాయి కదా?

ఇది నాకు ఇంటర్లో నేర్పిన సూత్రం కూడా. మా లెక్చరరు బోర్డు మీద "హారం = 0" అని రాసి చుట్టూ డబ్బా కట్టారు. పది లెక్కల్లో ఎనిమిదింటికి అది పనిచేసింది. మిగతా రెండూ పరీక్షలో వచ్చాయి.

హారం సున్నా అవడం అనుమానించాల్సిన చోటుని చూపిస్తుంది, అంతే. నేరం జరిగిందో లేదో తేల్చాల్సింది అవధి. ఒక లెక్క పూర్తిగా చేద్దాం:

(ఎక్స్² − ఎక్స్ − 6)/(ఎక్స్² − 9)

హారం సున్నా అయ్యేది ఎక్స్ = 3, ఎక్స్ = −3 దగ్గర. కారణాంకాలు చేస్తే లవం (ఎక్స్ − 3)(ఎక్స్ + 2), హారం (ఎక్స్ − 3)(ఎక్స్ + 3). ఎక్స్ 3 కానంతవరకు (ఎక్స్ − 3) కొట్టేయవచ్చు, (ఎక్స్ + 2)/(ఎక్స్ + 3) మిగులుతుంది.

ఎక్స్ 3 కి దగ్గరవుతుంటే ఇది 5/6 కి చేరుతుంది. అంటే అక్కడ గ్రాఫులో ఒక చిన్న చిల్లు ఉంటుంది, ఆసింప్టోట్ ఉండదు. గ్రాఫు గీసేటప్పుడు ఆ బిందువు దగ్గర ఖాళీ సున్నా చుడతారే, అది.

ఎక్స్ −3 కి దగ్గరవుతుంటే లవం −1 దగ్గరికి పోతుంది, హారం సున్నా దగ్గరికి పోతుంది. −2.99 దగ్గర విలువ −0.99/0.01, అంటే −99. −3.01 దగ్గర −1.01/−0.01, అంటే 101. ఇంకా దగ్గరికి జరిగితే ఇంకా పెద్దవి. కాబట్టి ఎక్స్ = −3 నిజమైన ఆసింప్టోట్.

ఇక్కడితో ఆగిపోతే ఇంకో గోతిలో పడతారు. "లవం, హారం రెండూ సున్నా అయితే చిల్లు, హారం ఒక్కటే సున్నా అయితే ఆసింప్టోట్" అని చాలామంది బట్టీ పడతారు. రెండో సగం అకరణీయ ప్రమేయాలకు (ఒక బహుపదిని ఇంకో బహుపదితో భాగించినవాటికి) నిజమే. మొదటి సగం మాత్రం ఎప్పుడూ నిజం కాదు. (ఎక్స్ − 1)/(ఎక్స్ − 1)³ చూడండి. ఎక్స్ = 1 దగ్గర లవమూ సున్నా, హారమూ సున్నా. కొట్టేశాక మిగిలేది 1/(ఎక్స్ − 1)². ఇంకా కింద కారణాంకం మిగిలే ఉంది! కాబట్టి ఆసింప్టోటే. కొట్టివేత అయ్యాక హారంలో ఆ కారణాంకం ఇంకా బతికి ఉందా లేదా అన్నదే చూడాలి.

హారమే కనిపించని ప్రమేయాలూ ఉన్నాయి. లాగ్ ఎక్స్ కి హారం ఎక్కడుంది? అయినా ఎక్స్ = 0 దానికి ఆసింప్టోట్. టాన్ ఎక్స్ లో కూడా హారం దాక్కుని ఉంటుంది, సైన్/కాస్ అని విడదీసి రాస్తేనే బయటపడుతుంది.

5/0 అంటే అనంతం అని రాసేయవచ్చా? 0/0 అంటే 1 కదా?

రెండూ వద్దు. కానీ ఈ అనుమానం వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు, మహామహులకే వచ్చింది.

628 లో బ్రహ్మగుప్తుడు సున్నాతో లెక్కలకు నియమాలు రాస్తూ 0/0 = 0 అన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందన్నాడు. ఈయన గణితసార సంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో చదువుకున్న జాతి మనది, ఈ చిన్న గర్వం నాకుంది. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు సున్నా హారంగా ఉన్న రాశికి 'ఖహరం' అని పేరు పెట్టాడు. ఖం అంటే ఆకాశం, సున్నా. ఖహరానికి ఎంత కలిపినా, అందులోంచి ఎంత తీసినా మార్పు ఉండదన్నాడు. ప్రళయ కాలంలో జీవులన్నీ తనలో చేరినా, సృష్టి కాలంలో బయటికి వచ్చినా అచ్యుతుడిలో మార్పు రానట్టు, అని పోలిక కూడా చెప్పాడు. ముగ్గురిలో నేటి ఊహకు దగ్గరగా వచ్చినవాడు ఆయనే.

అయినా 5/0 = ∞ అని ఒప్పుకుంటే చిక్కు వస్తుంది. 5/0.001 అంటే 5000, 5/(−0.001) అంటే −5000. సున్నాకి కుడి నుంచి వెళ్తే పైకి, ఎడమ నుంచి వెళ్తే కిందికి. సున్నా దగ్గర నిలబడి ఏ వైపు చెప్పాలి? అందుకే 5/0 ని నిర్వచించకుండా వదిలేశారు.

0/0 కథ వేరు. సున్నాని ఏ సంఖ్యతో గుణించినా సున్నాయే కాబట్టి ఆ భాగఫలం ఏదైనా కావచ్చు. పైన ఒక లెక్కలో 0/0 నుంచి 4 వచ్చింది, ఇంకో లెక్కలో 5/6 వచ్చింది, మూడో లెక్కలో అనంతానికి పోయింది. 0/0 రూపం వస్తే జవాబు రాలేదని అర్థం. కారణాంకాలు చేయడమో, వర్గమూలం ఉంటే సంయుగ్మంతో (మధ్యలో గుర్తు మార్చిన రూపంతో) గుణించడమో, పని ఇంకా మిగిలి ఉంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం ఒక ముచ్చట. పైథాన్‌లో 1/0 కొడితే తప్పు అని ఆపేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో కొడితే 'ఇన్ఫినిటీ' అని ఇస్తుంది. దానికి 5 కలిపినా 'ఇన్ఫినిటీ'యే. కంప్యూటర్లో దశాంశ సంఖ్యల లెక్కలు ఎలా చేయాలో చెప్పే 1985 నాటి ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం పెట్టిన పద్ధతి అది. భాస్కరాచార్యుడు చూస్తే తన ఖహరాన్ని గుర్తుపట్టేవాడేమో. అదే జావాస్క్రిప్ట్‌లో 0/0 కొట్టి చూడండి, "ఇది సంఖ్య కాదు" అనే అర్థం వచ్చే సంకేతం వస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే ఆ ప్రమాణంలో +0, −0 అని రెండు సున్నాలు ఉన్నాయి. 1 ని −0 తో భాగిస్తే రుణ అనంతం. కుడి అవధి, ఎడమ అవధి అనే మన గొడవనే వాళ్లు సున్నాకి గుర్తు తగిలించి తీర్చుకున్నారు.

అవధి ∞ అని వచ్చింది. అప్పుడు అవధి ఉన్నట్టా, లేనట్టా?

లేనట్టే. అవధి ఉందనాలంటే అది ఒక వాస్తవ సంఖ్య అయి ఉండాలి, ∞ సంఖ్య కాదు. "అవధి = ∞" అని రాయడం ఒక సౌకర్యం. అవధి లేదు, లేకపోవడానికి కారణం ఇదీ అని ఒకే ముక్కలో చెప్పడం అన్నమాట. బడికి రాలేదని మాత్రమే చెప్పకుండా, జ్వరం వచ్చి రాలేదని చెప్పినట్టు.

ఆ ముక్కకు కచ్చితమైన అర్థం ఉంది. 1/(ఎక్స్ − 2)² కి ఎక్స్ = 2 దగ్గర అవధి ∞ అన్నామంటే అది ఒక పందెం లాంటిది. మీరు ఎంత పెద్ద సంఖ్యైనా చెప్పండి. 2 చుట్టూ ఒక చిన్న సామీప్యం నేను చూపిస్తాను. 2 ని వదిలేసి అందులో ఎక్కడ చూసినా ప్రమేయం మీ సంఖ్యను దాటి ఉంటుంది. మీరు 10 లక్షలు అన్నారు. 2 కి అటూ ఇటూ 0.001 లోపల ఉండండి అంటాను నేను. మీరు 100 కోట్లు అంటే ఇంకా చిన్న సామీప్యం ఇస్తాను. మీరు ఎన్నిసార్లు పెంచినా నేను ఓడిపోను. అవధి నిర్వచనంలో వచ్చే ఎప్సిలాన్, డెల్టా అనే గ్రీకు గుర్తుల పేరు వింటేనే టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ పందెం రెండు మూడుసార్లు స్నేహితుడితో ఆడి చూడండి. ఆ నిర్వచనమూ ఇలాంటి పందెమే, గుర్తుల్లో రాసి ఉంటుంది, అంతే.

∞ గుర్తును 1655 లో ఇంగ్లండు గణితవేత్త జాన్ వాలిస్ వాడుకలోకి తెచ్చాడు. అది ఒక సంఖ్యకు గుర్తు కాదని కచ్చితంగా తేల్చుకోవడానికి ఆ తర్వాత రెండు వందల ఏళ్ల దాకా పట్టింది. మీకు రెండు వారాలు పడితే తప్పేం లేదు.

పేరులో 'స్పర్శ' ఉంది. గ్రాఫు ఆ గీతను తాకుతుందా, తాకదా?

పేరే కొంత తికమక పెడుతుంది. గ్రీకు మూలంలో ఆసింప్టోట్ అంటే 'కలవనిది' అని అర్థం. మన పుస్తకాల్లో 'అనంతంలో స్పర్శించే రేఖ' అన్నారు. ఒకరు కలవదన్నారు, ఒకరు ఎక్కడో అనంతంలో తాకుతుందన్నారు. చెప్పింది ఒకే సంగతి. ఈ మాట మీకు ముందుగా తగిలేది అతిపరావలయం (హైపర్బోలా) పాఠంలోనే అయ్యుంటుంది, అక్కడ ఈ గీతలు సాధారణంగా ఏటవాలుగా ఉంటాయి.

నిలువు గీత విషయానికొస్తే, ప్రమేయం గ్రాఫు దాన్ని మహా అయితే ఒక్క బిందువు దగ్గర తాకగలదు. ఒక ఎక్స్ కి ఒకే విలువ ఉంటుంది కదా. ఎక్స్ సున్నా కానప్పుడు 1/ఎక్స్, ఎక్స్ = 0 దగ్గర 5 అని ప్రమేయాన్ని నిర్వచించండి. ఎక్స్ = 0 ఇంకా ఆసింప్టోటే, కానీ (0, 5) అనే చుక్క ఆ గీత మీదే కూర్చుని ఉంది. "ఆసింప్టోట్ దగ్గర ప్రమేయం నిర్వచితం కాదు" అనే వాక్యం అందుకే కొంచెం తప్పు. అడ్డ ఆసింప్టోట్లకైతే (ఎక్స్ అనంతానికి పోతుంటే గ్రాఫు దగ్గరయ్యే అడ్డ గీతలకైతే) ఆ మొహమాటమూ లేదు. (సైన్ ఎక్స్)/ఎక్స్ తన అడ్డ గీతను లెక్కలేనన్నిసార్లు దాటుతూ పోతుంది.

+∞ కి పోతుందో −∞ కి పోతుందో ఎలా తెలుసుకోవాలి?

గుర్తులు చూడండి, పరిమాణాలు వద్దు. (ఎక్స్ − 5)/(ఎక్స్ − 2) లో ఎక్స్ 2 కి కుడి నుంచి వస్తుంటే హారం చిన్న ధన సంఖ్య. చాలామంది ఇక్కడే "+∞" అని రాసేస్తారు. లవం −3 దగ్గర ఉందని మర్చిపోతారు. రుణం బై ధనం, కాబట్టి −∞. ఎడమ నుంచి వస్తే +∞.

కారణాంకం ఘాతం సరిసంఖ్య అయితే, (ఎక్స్ − 2)² లాగా, హారం రెండు వైపులా ధనమే కాబట్టి గ్రాఫు రెండు వైపులా ఒకే దిక్కుకు పోతుంది. బేసి ఘాతమైతే ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇది గుర్తుంటే గ్రాఫు సగం గీసినట్టే.

ఒక వైపు మాత్రమే ఆసింప్టోట్ ఉండే ప్రమేయం ఉంటుందా?

ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది. 2 కి ఘాతంగా 1/ఎక్స్ పెట్టండి. ఎక్స్ = 0.1 అయితే 2 ఘాతం 10, అంటే 1024. ఎక్స్ = 0.01 అయితే 2 ఘాతం 100, అది 31 అంకెల సంఖ్య. ఇప్పుడు ఎడమకి వెళ్లండి. ఎక్స్ = −0.1 అయితే 1/1024. ఎక్స్ = −0.01 అయితే 1 కింద ఆ 31 అంకెల సంఖ్య. కుడి అవధి ∞, ఎడమ అవధి 0! సున్నాకి ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క చదునైన పొలం. ఒక వైపు చాలు కాబట్టి ఎక్స్ = 0 ఆసింప్టోటే.

లాగ్ ఎక్స్, 1/√ఎక్స్ లాంటి వాటికైతే ఎడమ వైపు ప్రదేశమే లేదు, అడగడానికి పొరుగువాళ్లే లేరు. 1/√(4 − ఎక్స్²) కి రెండు ఆసింప్టోట్లు, 2 దగ్గరా −2 దగ్గరా. రెండింటికీ లోపలి వైపు నుంచే వెళ్లగలం.

అవధి లేదంటే అక్కడ ఆసింప్టోట్ ఉన్నట్టేనా?

లేదు. అవధి లేకపోవడానికి కనీసం మూడు దారులున్నాయి.

ఒకటి, అనంతానికి పోవడం. ఇదొక్కటే ఆసింప్టోట్ ఇస్తుంది. రెండోది గెంతడం. |ఎక్స్|/ఎక్స్ సున్నాకి ఎడమన −1, కుడిన 1. కరెంటు బిల్లులో స్లాబు మారిన చోట యూనిట్ రేటు గెంతినట్టు. బాధే గానీ అనంతం కాదు. మూడోది ఊగిసలాట. సైన్(π/ఎక్స్) సున్నా దగ్గరికి వచ్చేకొద్దీ −1 కీ 1 కీ మధ్య అంతకంతకూ వేగంగా ఊగుతుంది. ఎక్కడా స్థిరపడదు, ఎక్కడికీ పారిపోదు కూడా.

ఈ ఊగిసలాటను 1/ఎక్స్ తో గుణిస్తే ఇంకా చిక్కు. (1/ఎక్స్)·సైన్(π/ఎక్స్) విలువలు ఎంత పెద్దవైనా అవుతాయి, కానీ మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ సున్నాకి వస్తుంటాయి. హద్దు లేకపోవడం వేరు, అనంతానికి పోవడం వేరు. పందెం గుర్తు తెచ్చుకోండి: సామీప్యంలో ఎక్కడ చూసినా మీ సంఖ్యను దాటాలి. ఇక్కడ దాటదు కాబట్టి ఆసింప్టోట్ లేదు.

ఇంత గొడవెందుకు, కాలిక్యులేటర్‌తో 0.1, 0.01, 0.001 పెట్టి చూసుకుంటే సరిపోదా?

ఊహించడానికి సరిపోతుంది, నమ్మడానికి సరిపోదు. ఇప్పుడే చూసిన సైన్(π/ఎక్స్) లో 0.1 పెట్టండి. సైన్ 10π, అంటే 0. 0.01 పెడితే సైన్ 100π, మళ్లీ 0. 0.001 కీ 0. టేబుల్ చూసి అవధి 0 అని ఒట్టు పెట్టి చెబుతారు. ఎక్స్ = 2/5, 2/9, 2/13 పెట్టి చూడండి, ప్రతిసారీ 1 వస్తుంది. మీరు అడిగిన పొరుగువాళ్లంతా ఒకే కుటుంబం వాళ్లు, అదీ సంగతి.

లాగ్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. ఆధారం 10 అయితే, పది లక్షల్లో ఒక వంతు దగ్గర విలువ −6 మాత్రమే. 1 ని, 1 పక్కన 100 సున్నాలున్న సంఖ్యతో భాగించి పెట్టినా −100. ఇంత నత్తనడకన పోయేది అనంతానికి పోతుందంటే కాలిక్యులేటర్ చూసినవాడు నమ్మడు. కానీ పోతుంది. మీరు −10000 అడిగినా చూపించే ఎక్స్ ఉంది.

ఇక టాన్ 90°. కాలిక్యులేటర్ తప్పు అంటుంది, అది మంచి పనే. 89° దగ్గర 57.29, 89.9° దగ్గర 572.96, 91° దగ్గర −57.29. అదే పైథాన్‌లో π/2 కి టాన్ అడిగితే దాదాపు 1.633 × 10¹⁶ అని మొహమాటం లేకుండా జవాబిస్తుంది. π/2 ని కంప్యూటరు పూర్తిగా దాచుకోలేదు, రవ్వంత తక్కువ సంఖ్యను దాచుకుంటుంది. మీరు ఆసింప్టోట్ మీద ఉన్నాననుకుంటారు, నిజానికి పక్కింట్లో ఉంటారు.

నిజ జీవితంలో ఎక్కడైనా కనిపిస్తుందా, లేక పరీక్షల కోసమేనా?

పదో తరగతిలో కుంభాకార కటకంతో ప్రయోగం చేసే ఉంటారు. కొవ్వొత్తి, కటకం, తెర. అప్పుడే మీరు ఒక నిలువు ఆసింప్టోట్‌ను చేత్తో తాకారు, ఎవరూ చెప్పలేదంతే.

నాభ్యంతరం 10 సెం.మీ. అనుకోండి. సంజ్ఞా సంప్రదాయం పక్కన పెట్టి దూరాలు మాత్రమే చూస్తే, వస్తుదూరం యు అయినప్పుడు ప్రతిబింబ దూరం 10యు/(యు − 10) అని కటక సూత్రం నుంచి వస్తుంది. కొవ్వొత్తిని 30 సెం.మీ. దగ్గర పెడితే ప్రతిబింబం 15 దగ్గర. 20 దగ్గర పెడితే 20. 12 దగ్గర పెడితే 60. 11 దగ్గర 110, బల్ల అయిపోయింది. 10.1 దగ్గర పెడితే 1010 సెం.మీ., అంటే పది మీటర్ల పైమాటే, ల్యాబు గోడ దాటి వరండాలోకి. సరిగ్గా 10 దగ్గర పెడితే కిరణాలు సమాంతరంగా వెళ్లిపోతాయి, ప్రతిబింబం ఎక్కడా పడదు. దీపస్తంభంలో దీపాన్ని నాభి దగ్గర పెట్టేది ఇందుకే.

ఇంకా లోపలికి జరిపి 9 దగ్గర పెడితే సూత్రం −90 ఇస్తుంది. ఆ రుణం గుర్తు ఉత్త లెక్క కాదు. ప్రతిబింబం తెర వైపు కాకుండా కొవ్వొత్తి ఉన్న వైపే, మిథ్యా ప్రతిబింబంగా కనిపిస్తుంది. భూతద్దంలో అక్షరాలు పెద్దగా కనిపించేది అలాగే. కుడి అవధి +∞, ఎడమ అవధి −∞ అనే మాటకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. ఆ ప్రయోగంలో తెర ఎంత వెనక్కి జరిపినా ప్రతిబింబం దొరక్క, రీడింగు పక్కవాడి రికార్డులోంచి ఎక్కించినవాళ్లు మనలో చాలామంది ఉంటారు.

సాయంత్రం నీడ ఇంకో ఉదాహరణ. 10 మీటర్ల తాటిచెట్టు నీడ, సూర్యుడు 45° ఎత్తులో ఉంటే 10 మీటర్లు. 5° కి దిగితే 114 మీటర్లు. 1° కి 573 మీటర్లు. కోణం సున్నాకి చేరేకొద్దీ నీడకు హద్దు ఉండదు.

ఆసింప్టోట్ దగ్గర లోపితాల్ నియమం వాడవచ్చా?

లవాన్ని, హారాన్ని విడివిడిగా అవకలనం చేసి అవధి చూడమనే నియమం అది. 0/0 గానీ ∞/∞ గానీ వస్తేనే వాడాలి. (ఎక్స్ + 1)/(ఎక్స్ − 2) లో ఎక్స్ = 2 దగ్గర 3/0 వస్తుంది. అక్కడ పైనా కిందా అవకలనం చేస్తే 1/1, "అవధి 1" అని శుభ్రంగా తప్పు జవాబు వస్తుంది. ఏ తప్పూ చేయలేదనే అనిపిస్తుంది, అదే ప్రమాదం. ముందు ఎక్స్ విలువ పెట్టి రూపం ఏమిటో చూడండి, తర్వాతే నియమం.

ఏ ప్రమేయాలకు నిలువు ఆసింప్టోట్లు అసలు ఉండవు?

బహుపదులకు, సైన్, కాస్ లకు, 2 కి ఘాతంగా ఎక్స్ పెట్టిన లాంటి ఘాత ప్రమేయాలకు ఉండవు. వాస్తవ సంఖ్యలన్నిటి మీదా అవిచ్ఛిన్నంగా ఉండే ఏ ప్రమేయానికీ ఉండవు. 1/(ఎక్స్² + 1) కి హారం ఉన్నా, అది ఎప్పుడూ సున్నా కాదు కాబట్టి ఉండదు. అకరణీయ ప్రమేయంలో హారం పరిమాణం (అందులో ఎక్స్ కి ఉన్న అతి పెద్ద ఘాతం) 3 అయితే మహా అయితే మూడు ఉంటాయి. టాన్ కి మాత్రం 90°, 270° అంటూ ప్రతి 180° కి ఒకటి చొప్పున అంతులేనన్ని.

గ్రాఫులో ఆసింప్టోట్‌ను చుక్కల గీతతోనే గీయాలా?

గీయండి, గ్రాఫులో భాగం కాదని తెలియడానికి. కొన్ని పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు ఆసింప్టోట్‌కి ఎడమన ఉన్న చివరి చుక్కను, కుడిన ఉన్న మొదటి చుక్కను కలిపేసి అక్కడ నిండు గీత ఒకటి చూపిస్తాయి. అది చూసి అలాగే దించకండి. నిండు నిలువు గీత గీస్తే ఒకే ఎక్స్ కి లెక్కలేనన్ని విలువలు ఇచ్చినట్టవుతుంది, అప్పుడది ప్రమేయమే కాదు. చిల్లు ఉన్న చోట ఖాళీ సున్నా చుట్టడం కూడా మర్చిపోకండి.